సూదమ్మ పెంచిన పిల్లి

ఆ వీధిలో సోఫాలు బాగుచేసే కొట్టు ఒక్కటే. దాని యజమానురాలికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది కానీ ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ సూదమ్మ. చేతిలో ఎప్పుడూ వంకర సూది ఉంటుంది కనుక ఆ పేరు వచ్చిందని ఆవిడ అనుకుంటుంది. నోటిని బట్టి వచ్చిందని వీధి అనుకుంటుంది. వీధితో వాదించి లాభం లేదు.

ఆవిడకు యాభై ఎనిమిదేళ్లు. కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. ఈవిడకు అది ముక్కు మీదే కాపురం పెట్టి, పిల్లాపాపలతో స్థిరపడిపోయింది. దారం తెగితే కోపం. తెగని దారం చిక్కుపడితే మరీ కోపం. సోఫా తెచ్చినవాడు పక్కకు తిరిగి నవ్వితే, తనను చూసే నవ్వాడని కోపం. పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆవిడ బిగించిన స్ప్రింగు కుంగదు, ఆవిడ వేసిన కుట్టు కనపడదు. అందుకే తిట్లు తింటూనే జనం ఆ కొట్టుకే వస్తారు.

మొగుడు పోయేనాటికి కూతురికి నాలుగేళ్లు. కొట్టునూ కూతురినీ ఒక్క చేత్తో లాక్కొచ్చింది. ఇప్పుడా కూతురు ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో ఉంది. దానికో ఆరునెలల కొడుకు, బుజ్జిగాడు. కూతురి సెలవు అయిపోవస్తోంది, అల్లుడిదీ పగటి ఉద్యోగమే. ఇక పిల్లాడిని చూసుకునేది ఎవరు? అమ్మమ్మే కదా! ఎవరూ అడగకముందే సూదమ్మ కొట్టు వెనక గది ఖాళీ చేసింది. మేకుల డబ్బాలు పైకెక్కించింది. దూది మూడుసార్లు ఏకి, చిన్న పరుపు కుట్టింది. ఇన్నేళ్లలో ఎంతమందికో కుట్టింది కానీ, కుట్టిన పరుపు మీద చెయ్యి వేసి ఊరికే కూర్చోవడం మాత్రం ఆవిడకు అదే మొదలు.

అలాంటి రోజుల్లో ఒకనాటి మధ్యాహ్నం కూతురు వచ్చింది. చంకలో బుజ్జిగాడు లేడు. చేతిలో మూతపెట్టిన బుట్ట ఉంది. మూత తీస్తే బూడిదరంగు పిల్లికూన ఒకటి తల బయటపెట్టి, కొట్టంతా చూసి, మళ్లీ తల లోపలికి లాక్కుంది.

"ఏంటే ఇది?"

"పిల్లికూనమ్మా."

"కళ్లున్నాయి, కనపడుతోంది. నాకెందుకంట?"

"మొన్న సెలవు కాగితాల పనిమీద వెళ్తే ఆసుపత్రి వెనక దొరికింది. నీ కొట్లో ఎలకలు స్పాంజి కొరికేస్తున్నాయన్నావుగా."

అది పైకి చెప్పిన మాట. అసలు మాట బయటపడేసరికి కాసేపు పట్టింది. కూతురు తన సంచి జిప్పును ఇటు లాగి, అటు లాగి, చివరికి తల ఎత్తకుండానే అంది.

"నేను డ్యూటీలో చేరడానికి ముప్పై రోజులుందమ్మా. ఈ ముప్పై రోజులూ దీన్ని పెంచు. నేనొచ్చేసరికి ఇది నీ ఒళ్లో పడుకుని నిద్రపోవాలి. అప్పుడు బుజ్జిగాడి సంగతి మాట్లాడుకుందాం."

"లేకపోతే?"

"మా ఆసుపత్రి పక్కనే పిల్లల్ని చూసుకునే చోటుంది. మాట్లాడి ఉంచాం."

సూదమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లంతా భగ్గుమంది.

"అంటే నాకు పరీక్ష పెడుతున్నావా? నాకు? నిన్ను పెంచలేదే నేను?"

"పెంచావమ్మా," అంది కూతురు. బుట్ట బల్ల కింద పెట్టి వెళ్లిపోయింది.

ఆ రోజు నాలుగు మేకులు చాలే చోట పన్నెండు దిగాయి. సుత్తి మోతకు వీధి మొత్తం ఉలిక్కిపడింది. కడుపున పుట్టినది వచ్చి, కన్నతల్లిని పిల్లిచేత పరీక్ష రాయిస్తుందా? ఎక్కడైనా ఉందా ఈ చోద్యం! ఎవరు నేర్పారు దీనికి ఇంత పొగరు? బుట్టను వీధిలోకి గిరాటేద్దామని రెండుసార్లు లేచింది. రెండుసార్లూ వెనక గదిలోని చిన్న పరుపు కనపడింది. లేచినంత వేగంగానూ కూర్చుంది.

"ఉండు, దయ్యమా," అంది బుట్టతో. "నీ పనీ చెప్తా, దాని పనీ చెప్తా."

దానికి అదే పేరు స్థిరపడింది.

దయ్యం మొదటి రోజంతా స్పాంజి చుట్టల వెనక దాక్కుంది. రెండో రోజు బయటికి వచ్చి, సోఫాల్లో కూరడానికి పోగుపెట్టిన కొబ్బరిపీచు కుప్ప ఎక్కి, శ్రద్ధగా గొయ్యి తవ్వి, తన పని కానిచ్చి, శ్రద్ధగా పూడ్చింది. సూదమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. రంపపు పొట్టు పోసిన రేకు పళ్లెం తెచ్చి, తన కళ్లెదుట ఉంటుందని కుట్టుమిషను పక్కనే పెట్టింది. దయ్యం దాన్ని వాసన చూసింది. మిషను ఒక్కసారి గర్రుమనగానే ఎగిరి పీచు కుప్పలో పడింది. నాలుగు రోజులు ఇదే వరస. పీచు పారబోయడం, తిట్టడం, మళ్లీ పారబోయడం.

పక్క కొట్టు వాచీలు బాగుచేసే ఆయనది. సూదమ్మకు వరసకు అన్నయ్యేమీ కాదు, ముప్పై ఏళ్లుగా పక్కపక్కన కూర్చుని అన్నాచెల్లెళ్లయ్యారు. ఆయన ఇంట్లో ఎప్పుడూ మూడు పిల్లులకు తక్కువ ఉండవు. గోల విని వచ్చి, కంటికి తగిలించుకున్న భూతద్దం తీయకుండానే పళ్లేన్ని చూశాడు.

"మిషను పక్కన, పదిమంది వచ్చిపోయే చోట కూర్చోమంటే నువ్వు కూర్చుంటావా చెల్లెమ్మా?"

"మాటలు తిన్నగా రానీ అన్నయ్యా!"

"తిన్నగానే చెప్తున్నా. దానికి మెత్తగా తవ్వుకునేది కావాలి, చాటు కావాలి. నీ పీచు కుప్ప మెత్తగా ఉంది, మూలన ఉంది. అదెళ్లిన చోటు సరైనదే. నువ్వు పెట్టిన చోటే తప్పు. ఆ మూలన పళ్లెం పెట్టి, పీచు ఇంకో చోటికి మార్చు."

మార్చింది. ఆ పూటే దయ్యం పళ్లెంలోకి వెళ్లింది. తిట్టడానికి ఏమీ మిగలనందుకు సూదమ్మకు ఒళ్లు మండింది.

ఆ మంట పక్కన, ఆవిడ ఒప్పుకోని సరదా కూడా ఒకటి మొదలైంది. సాయంత్రం టీ తాగేటప్పుడు గుడ్డ కింద వేళ్లు ఆడిస్తే, దయ్యం నడుం ఊపి, గురిచూసి, ఎగిరి పట్టుకునేది. చిన్నచిన్న పళ్లతో కొరికేది. సూదమ్మ నవ్వేది. ఎవరైనా వస్తే వెంటనే మొహం గంటు పెట్టుకునేది. ఓ వారం తిరిగేసరికి దయ్యానికి గుడ్డ అక్కర్లేకపోయింది. కదిలే చెయ్యి కనపడితే చాలు, మీద పడేది. కుట్టుపని చేసేవాళ్ల చేతులు కదలకుండా ఉంటాయా? సూది లాగిన ప్రతిసారీ మణికట్టు మీద గోళ్లే. నిన్న నవ్విన ఆటకే నేడు కేకలు. ఏది ఆటో ఏది నేరమో పాపం దానికి ఎవరు చెప్పారు?

తరువాత జరిగింది మాత్రం సోఫా కొట్టులోనే జరగగలదు.

పిల్లులు గోళ్లు గీక్కుంటాయి, వాటికొక చోటు చూపించకపోతే దొరికిన చోట గీకుతాయి. ఆ సంగతి సూదమ్మకు తెలుసు. ఆవిడకు చేతకానిదా? మోకాలెత్తు కొయ్య తెచ్చి, కింద బల్లచెక్క బిగించి, పల్చగా స్పాంజి చుట్టి, పైన మంచి గుడ్డ తొడిగింది. పంటి డాక్టరు గది కోసం వచ్చిన ముదురాకుపచ్చ గుడ్డలో ముక్కలు మిగిలాయి. అదే తొడిగింది. కుట్టు కనపడకుండా లోపలికి తిప్పింది. రాజుగారి సింహాసనానికి కూడా అంత ముచ్చటగా కుట్టి ఉండదు. తరువాత దయ్యాన్ని దాని ముందు కూర్చోబెట్టి, ముందుకాళ్లు పట్టుకుని గుడ్డ మీద రాసింది. అది గీకగానే వేయించిన చేపముక్క నోట్లో పెట్టింది. మూడు రోజుల్లో దయ్యం చదువు పూర్తయింది. ఆకుపచ్చ గుడ్డ కనపడితే చాలు, వెళ్లి గీకి, సూదమ్మ మొహం వంక చూసేది.

"చూశావా అన్నయ్యా, తెలివి!" అని పక్క కొట్టుకు వినపడేలా అరిచింది. ఆయన పనిలో ఉండి రాలేదు.

పద్నాలుగో రోజు పంటి డాక్టరు సోఫా పూర్తయింది. ముగ్గురు కూర్చునే సోఫా, నిండా ముదురాకుపచ్చ. సూదమ్మ నడుం పట్టుకుని లేచి, మొహం కడుక్కుని వచ్చేసరికి దయ్యం సోఫా చేతికి వేలాడుతూ, పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి కిందికి, నేర్చుకున్న విద్యంతా చూపిస్తోంది. గుడ్డ పీలికలు పీలికలుగా చీలిపోయింది. లోపలి స్పాంజి బయటపడింది. సూదమ్మ అడుగుల చప్పుడు విని దయ్యం తిరిగి, ఆవిడ మొహం వంక చూసింది.

చెయ్యి లేచింది. దెబ్బ పడింది. అంత చిన్న ఒంటికి ఆ చెయ్యి చాలా ఎక్కువ. దయ్యం స్పాంజి చుట్టల మీద పడి, అక్కడి నుంచి ఇనప బీరువా కిందికి దూరింది. ఆ రోజు బయటికి రాలేదు. మర్నాడూ రాలేదు. పెట్టిన తిండి ఆవిడ కొట్లో లేనప్పుడు తింటోంది. ఆవిడ చెప్పుల చప్పుడు వినపడితే లోపలి గోడకు అతుక్కుపోతోంది.

కూతురు ఫోన్ చేసింది.

"ఎలా ఉందమ్మా?"

సూదమ్మకు ఎన్ని లోపాలున్నా అబద్ధం ఆడదు. "కొట్టాను. డాక్టరు సోఫా చీరేసింది, కొట్టాను. అయితే ఏంటంట?"

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి. లెక్క రాసుకుంటున్నావా?"

"ఇంకా పదిహేను రోజులుందమ్మా," అని కూతురు ఫోన్ పెట్టేసింది.

వాచీల అన్నయ్య వచ్చింది ఆ సాయంత్రమే. చీలిన సోఫా చూశాడు. మూలనున్న కొయ్యను చూశాడు. దగ్గరికి వెళ్లి గుడ్డ మీద వేలు రాసి, మళ్లీ సోఫా మీద వేలు రాశాడు.

"రెండూ ఒకటే గుడ్డా?"

"మిగిలింది. పారేసుకుంటానా?"

"చెల్లెమ్మా! ఈ గుడ్డ గీకితే చేపముక్క పెట్టావు. అదే గుడ్డ ఇంకా పెద్దది కనపడింది, గీకింది. నువ్వు మెచ్చుకుంటావనే నీ వంక చూసుంటుంది. నీ కొయ్యేదో డాక్టరు సోఫా ఏదో దానికెలా తెలుస్తుంది?"

"నీ వాచీలు నువ్వు చూసుకో!" అని సూదమ్మ ఒంటికాలి మీద లేచింది. "నా కొట్లోకొచ్చి నాకు నేర్పొద్దు. పో!"

ఆయన వెళ్లాడు. ఆవిడ తలుపు ధడాలున వేసింది. కొట్లో ఆవిడా, సోఫా, బీరువా కింది చీకటీ మిగిలాయి. కోపానికి ఎవరో ఒకరు కావాలి. అన్నయ్యను తిట్టింది, చాల్లేదు. కూతుర్ని తిట్టింది. పంటి డాక్టర్ని తిట్టింది, ఆకుపచ్చ తప్ప ఇంకో రంగు దొరకలేదా అని. అందరూ అయిపోయారు. గుడ్డ కత్తిరించింది తను. కాళ్లు పట్టి నేర్పింది తను. నేర్చుకున్నందుకు చేపముక్క పెట్టిందీ, నేర్చుకున్నందుకే కొట్టిందీ తనే. ఛీ, అనుకుంది. సిగ్గు వేసింది. సిగ్గు ఆవిడకు అలవాటు లేని సరుకు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లేచి కత్తెర తీసుకుని కొయ్య మీది గుడ్డ చీల్చేసింది. దాని చుట్టూ ముతక కొబ్బరితాడు కిందినుంచి పైదాకా బిగించి చుట్టింది. చూడటానికి ఏమీ బాగాలేదు. మర్నాటి నుంచి పూర్తయిన సోఫాల మీద పాత దుప్పట్లు కప్పడం మొదలుపెట్టింది. పొద్దున్నే అన్నయ్య కొట్టు ముందు టీ గ్లాసు ఠక్కున పెట్టి, మొహం చూడకుండా అడిగింది.

"ఇప్పుడేం చెయ్యాలో చెప్పి ఏడు."

"నువ్వేం చెయ్యకు. అదే కష్టం నీకు," అన్నాడాయన. "బీరువా దగ్గర కింద కూర్చో. చెయ్యి లోపలికి పెట్టకు, పిలవకు, లాగకు. నీ పని నువ్వు చేసుకో. వేళ్లతో ఆడకు, తాడుకి గుడ్డపేలిక కట్టి ఆడించు. చెయ్యి తిండి పెట్టడానికీ నిమరడానికీ, అంతే. వస్తే అదే వస్తుంది."

"రాకపోతే?"

"రాకపోతే రాదు."

ఎంత కోపం వచ్చిందో చెప్పలేం. పని చేసి గెలవమంటే సూదమ్మ కొండనైనా పిండి చేస్తుంది. ఊరికే కూర్చోవాలంట! అయినా కూర్చుంది. మధ్యాహ్నాలు బీరువాకు వీపు పెట్టి, గచ్చు మీద కాళ్లు చాపి, దిండ్ల గలేబులు కుట్టుకుంటూ, లోపల్లోపల అందరి మీదా కారాలు మిరియాలు నూరుతూ కూర్చుంది. మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు వెనక చిన్న చప్పుడు. తిరిగి చూడాలని మెడ నరాలు లాగేశాయి. చూడలేదు. ఆరో రోజు గుడ్డపేలిక కదిలిస్తే ఒక కాలు బయటికి వచ్చి తాకింది. ఎనిమిదో రోజు దయ్యం దానంతటదే తాడు కొయ్య దగ్గరికి నడిచి, గోళ్లు దిగేసి, ఒళ్లు సాగదీసి, బరబరా గీకింది. సూదమ్మ చేపముక్క నేల మీద జార్చింది. మాట్లాడలేదు.

అల్లరి ఆగిందా? ఆగలేదు. ఒకనాడు వెనక గదిలోకి దూరి, బుజ్జిగాడి కోసం కుట్టిన పరుపు మీదే గోళ్లు దించింది. సూదమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. పిడికిలి బిగించి, రెండుసార్లు ఊపిరి తీసుకుని, వంగి, దయ్యాన్ని పొట్ట కింద చెయ్యేసి ఎత్తి, తీసుకెళ్లి తాడు కొయ్య ముందు దింపింది. గది తలుపు గడియపెట్టింది. కోపం పోయిందా అంటే పోలేదు. దాన్ని చేతిలోకి దిగనివ్వలేదు, అంతే. అది ఎంత బరువైన పనో ఆ రోజు ఆవిడకు తెలిసింది. ఓ గంటసేపు సూదిలో దారం ఎక్కలేదు.

ఇరవై ఏడో రోజు దయ్యం ఒళ్లోకి ఎక్కింది. రెండుసార్లు గుండ్రంగా తిరిగి, ముడుచుకుని పడుకుంది. గుర్రు మొదలైంది. సూదమ్మకు తొడలు తిమ్మిరెక్కాయి, లేవలేదు. ఎవరో వచ్చి తన కుర్చీ ఇంకా కాలేదా అని గట్టిగా అడిగితే, "రేపు ఇస్తానయ్యా, నెమ్మదిగా మాట్లాడు," అంది. అతను వీధిలోకి వెళ్లి సూదమ్మకు ఒంట్లో బాగాలేదని అందరికీ చెప్పాడు.

ముప్పయ్యో రోజు కూతురు బుజ్జిగాడిని ఎత్తుకుని వచ్చింది. సూదమ్మ పొద్దుటి నుంచీ ఎత్తుపీట మీద సిద్ధంగా కూర్చుంది. ఒళ్లో దయ్యం, కళ్లు మూసుకుని, కాళ్లు గాలికి వదిలేసి. కూతురు గుమ్మంలోనే ఆగి చూసింది. దాని మొహంలో నవ్వు మెల్లగా మొదలై నిండుగా పరుచుకుంది.

"నిజంగానే పడుకుందమ్మా!"

"మరేమనుకున్నావు నన్ను?" అంది సూదమ్మ. గొంతులో గర్వం దాచుకోలేదు. ఎందుకు దాచుకోవాలి? "కూర్చో. వాడికి పరుపు పొట్టి అవుతుందేమో, ఎదిగాడు. కొలత చూస్తా."

కూతురు పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. కొలత టేపు కూతురి తల వెనక గోడ మేకుకు వేలాడుతోంది. దయ్యం లేస్తుందని సూదమ్మ లేవకుండా, కూర్చున్న చోటునుంచే కుడిచెయ్యి విసురుగా పైకెత్తి టేపు కోసం చాచింది.

దయ్యం ఒక కన్ను తెరిచి చెయ్యి వంక చూసి మళ్లీ మూసుకుంది.

కూతురు భుజాలు రెండూ పైకి లేచాయి. తల పక్కకు వంగింది. కళ్లు గట్టిగా మూసుకున్నాయి. పిల్లాడి తల మీద అరచెయ్యి అడ్డంగా వచ్చింది. అంతా రెప్పపాటులో జరిగిపోయింది. ఆసుపత్రిలో పదిమందికి పని చెప్పే మనిషి, పిల్లాడి తల్లి, స్టూలు మీద అలా ముడుచుకుపోయింది.

సూదమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా." కూతురు కళ్లు తెరిచింది. మొహం ఎర్రబడింది. "అలవాటు."

"పిల్లి పదిహేను రోజుల్లో మరిచిపోయింది. నువ్వింకా మరిచిపోలేదా?" నెమ్మదిగా అడగాలనుకుంది. కసిరినట్టే వచ్చింది.

"పిల్లిని ఒక్కసారే కొట్టావమ్మా," అంది కూతురు.

అందులో నిష్ఠూరం లేదు. రక్తపరీక్షలో ఎంత వచ్చిందో చెప్పినట్టు చెప్పింది. వంకర కుట్టు వేసినందుకు టేపుతో. బడినుంచి ఆలస్యంగా వచ్చినందుకు చెక్కబద్దతో. ఏడ్చినందుకు, ఏడుపు ఆపనందుకు, కళ్లెత్తి చూసినందుకు, బదులు చెప్పనందుకు ఉత్త చేత్తో. సూదమ్మకు అన్నీ గుర్తున్నాయి. ఎన్నో మాత్రం తెలియదు. నేను ఒంటరిదాన్ని, కొట్టు నేనే చూశాను, నిన్ను నేనే చదివించాను, నీ మంచికే కదా అని బోలెడు మాటలు గొంతు దాకా వచ్చాయి. ఒక్కటీ అబద్ధం కాదు. ఒక్కటీ పైకి అనలేదు. కోపంతో ఒళ్లు దహించుకుపోయింది. ఆ కోపాన్ని విసరడానికి ఈసారి ఎదురుగా ఎవరూ లేరు. ఉన్నది తనే.

చెయ్యి మెల్లగా దించి ఒళ్లో పెట్టుకుంది.

"వీడిని ఆ పిల్లల చోట్లోనే చేర్పించవే," అంది.

కూతురు నమ్మలేనట్టు చూసింది. "అదేంటమ్మా? నేను అలా అనలేదుగా. దయ్యం పడుకుందిగా. నువ్వు గెలిచావు."

"గెలిచానో లేదో నాకు తెలుసులే." సూదమ్మ దయ్యం వీపు నిమిరింది. "వాడిని అక్కడే చేర్పించు. నువ్వు మాత్రం రా. డ్యూటీ దిగాక రోజూ వచ్చి ఇక్కడ కాసేపు కూర్చో. నిన్ను నేనేం అడగను, ఏం అనను. నా చెయ్యి చూసి నువ్వు బెదరని రోజొకటి వస్తే, ఆ రోజు వాడిని నాకిద్దువుగాని."

"రాకపోతే?"

"రాకపోతే రాదు," అంది సూదమ్మ.

కూతురు వెళ్తానని లేవలేదు. బుజ్జిగాడు దాని ఒళ్లోంచి వంగి పిల్లి తోక అందుకోవాలని చూస్తుంటే, వాడిని వెనక్కి లాక్కుంటూ, అమ్మ పక్కనే చాలాసేపు కూర్చుంది.